సర్వేయర్ల అడవి

మహిమ పనిచేసే ఆరోగ్య కేంద్రం చండ్రుగొండ దాటాక, రోడ్డు అడవిలోకి తిరిగే చోట ఉండేది. దాని వెనకే రెండు గదుల స్టాఫ్ క్వార్టర్. 2006 అక్టోబరులో ఒక ఆదివారం ఆమె తమ్ముడు జాషువా ట్రాలీ ఆటోలో ఒక మంచం, ఒక సూట్‌కేసు, ఒక కంప్యూటరు వేసుకుని అక్కడికి వచ్చాడు. సత్తుపల్లిలో కిరాయి గది ఖాళీ చేశాడు. మండలాఫీసులో కాంట్రాక్టు మీద చేస్తున్న కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం అప్పటికి నెల క్రితమే పోయింది.

"తీసేసిండ్రా, నువ్వే మానేసినవా?" అని అడిగింది మహిమ.

"ఒకాయన సర్వే నంబరు ఇంకొకాయన పేరు మీద ఎక్కించిన. రెండుసార్లు. సారు మంచోడు, తిట్టలేదు. కళ్ళు చూపించుకో జాషువా, నయమైనంక రా అన్నడు."

కళ్ళు చూపించుకోవడం ఏడేళ్ళ క్రితమే అయిపోయింది. జాషువాకు చిన్నప్పటి నుంచి రేచీకటి. సాయంత్రం ప్రార్థన అయిపోయి చర్చి నుంచి వచ్చేటప్పుడు అక్క ఓణీ కొస పట్టుకుని నడిచేవాడు. తల్లి సంపూర్ణ మునగాకు, క్యారెట్టు, మేక కాలేయం, ఎవరేది చెబితే అది పెట్టి చూసింది. అతను డిగ్రీలో ఉండగా మహిమే హైదరాబాదులో ఒక పెద్ద కంటి దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కంటి లోపలి పొర అంచుల నుంచి మాడిపోతూ వస్తుందట. చివరికి గొట్టంలోంచి చూసినంత మిగులుతుంది, కొందరికి అదీ పోతుంది. మందు లేదు. దగ్గరి సంబంధాలు చేసుకున్న ఇళ్ళల్లో ఎక్కువ కనపడుతుంది. వాళ్ళ తండ్రి జకర్యా చేసుకున్నది సొంత అక్క కూతురినే.

"నువ్వు అక్కవి కదా, నువ్వు కూడా ఒకసారి చూపించుకో," అంది డాక్టరమ్మ.

"నాకు బాగనే కనపడుతది మేడం," అంది మహిమ. ఆ వారంలోనే ఆమెకు నర్సింగు ఆఖరి పరీక్షలు. సాయంత్రం బస్సు అందుకోవాలి.

తర్వాత తల్లీ తండ్రీ రెండేళ్ళ తేడాతో పోయారు. జాషువాకు ఇరవై ఏడు, మహిమకు ముప్పై ఒకటి. ట్రాలీలోంచి మంచం దింపుకుంటూ తమ్ముడు గడప తన్నుకుని పడబోతే మహిమ భుజం పట్టుకుని నిలబెట్టింది. "ఏం భయపడకు. నావి రెండు కళ్ళున్నయ్. ఇద్దరికి సరిపోతయ్," అంది. అప్పుడామె నవ్వుతూనే అంది. నిజమనే నమ్మింది కూడా.

నవంబరులో టీకా మందుల కోసం కొత్తగూడెం పోయినప్పుడు బజారులో సీడీల దుకాణం ముందు ఆగింది. తుపాకులు కాల్చుకోవడం, పరిగెత్తడం లేని కంప్యూటరు ఆట ఏదైనా తెమ్మని జాషువా చెప్పి పంపాడు. దుకాణం అతను అడుగున ఎక్కడి నుంచో ఒకటి తీసిచ్చాడు. అట్ట మీద జిరాక్సు బొమ్మ, పేరున్న చోట తడిసి చెదిరిపోయింది. "ఇది ఎవరూ కొంటలేరమ్మా. ఊకె నడుసుడే," అన్నాడు.

ఆ ఆటలో కథ ఏదో చలిదేశంలో జరుగుతుంది. నిటారు చెట్లు, పొగమంచు, నల్లటి రాళ్ళు. నలుగురు సర్వేయర్లు ఒక అడవికి మ్యాపు గీయడానికి పోయి తిరిగి రాలేదు. వెతకడానికి పోయినవాళ్ళకు గుడారం దొరికింది. అందులో నాలుగు పళ్ళేలలో అన్నం వడ్డించినది వడ్డించినట్టే ఉంది, మనుషులు లేరు. పదకొండేళ్ళ తర్వాత పెద్ద సర్వేయరు కూతురు ఒంటరిగా ఆ అడవిలోకి పోతుంది. ఆట ఆడేవాడు ఆ అమ్మాయిని నడిపించాలి. తండ్రి నోటుబుక్కు కాగితాలు ఒకటి చెట్టుతొర్రలో, ఒకటి రాయి కింద దొరుకుతుంటాయి. అవి చదివి తోవ తెలుసుకోవాలి. ఏడు అధ్యాయాలు. తుపాకీ లేదు, దయ్యం లేదు.

జాషువా తన కుర్చీని మానిటరుకు ఎనిమిది అడుగుల దూరంలో, గోడకు ఆనించి వేసుకున్నాడు. వైరుకు ఇంకో వైరు అతికించి మౌసును ఒళ్ళో చెక్క మీద పెట్టుకున్నాడు.

"అంత దూరమెందుకురా?"

"దగ్గర కూసుంటే ఒక ముక్కనే కనపడుతదక్కా. దూరం జరిగితే తెర మొత్తం చిన్నగై నా గొట్టంల పడ్తది."

కానీ అంత దూరం నుంచి నోటుబుక్కు కాగితాల మీది సన్నక్షరాలు అతనికి అందవు. అందుకని మహిమ మానిటరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, కాగితం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు పైకి చదివి తెలుగులో చెప్పేది. మిగతా సమయం బియ్యం ఏరుకుంటూనో, రిజిస్టర్లు రాసుకుంటూనో ఉండేది. పగలు రెండింటికి ఆమె డ్యూటీ దిగేసరికి జాషువా అన్నం వండి, కిటికీకి దుప్పటి కట్టి, ఎదురు చూస్తుండేవాడు. కరెంటు ఉన్నన్ని గంటలే ఆట.

ఆరోగ్య కేంద్రం అటెండరు నాగరాజు అప్పుడప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాడు. నలభై దాటిన మనిషి. ఊరు అడవిలో నాలుగు కిలోమీటర్ల లోపల. అతనికి ఆటలోని అడవి నచ్చలేదు.

"ఒక్క పిట్ట అరుస్తలేదు మేడం. పిట్ట అరవని కాడ మనిషి ఎట్లుంటడు?"

"చలి దేశం నాగరాజన్నా. పిట్టలు ఎళ్ళిపోయినయేమో," అనేవాడు జాషువా.

"పోనీ. కూడు వడ్డించుకొని తినకుంట లేచిండ్రంటే ఎవరో పిలిచిండ్రు. పరాయోళ్ళు పిలిస్తే తిని పోతరు. తెలిసినోళ్ళు పిలిస్తేనే గట్ల లేస్తరు."

ఆ మాట జాషువాను పట్టుకుంది. మర్నాడు మహిమ వచ్చేసరికి పిలిచింది నలుగురిలో ఒకడేనని, వడ్డించినవాడే ముందు బయటికి పోయి కేకేశాడని చెప్పాడు. మూడో అధ్యాయంలో దొరికిన కాగితం దాన్ని సగం నిజం చేసింది. ఆ రోజు అతను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. క్రిస్మస్‌కు చర్చికి కూడా వచ్చాడు. మండలాఫీసు ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి తమ్ముడు ఒక పని కోసం లేవడం చూస్తున్నది ఇప్పుడేనని మహిమకు అనిపించింది.

ఫిబ్రవరిలో ఒక రోజు జాషువా మౌసు ఆపి కళ్ళు తుడుచుకున్నాడు.

"మానిటరు పోతున్నట్టుందక్కా. మధ్యల పొగ లెక్క వస్తంది."

మహిమ తెర వైపు చూసింది. చెట్లు చెట్లలాగే ఉన్నాయి. "పాతది కదరా," అంది.

మర్నాడు అతను పొయ్యి మీది గిన్నెలో కూడా పొగ ఉందన్నాడు. వారం తర్వాత ఆమె మొఖంలో ఉందన్నాడు. కొత్తగూడెంలో కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూసి, మధ్య చూపు కూడా చెడుతోందన్నాడు. చుక్కల మందు ఇచ్చాడు. చర్చి పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెరను చూడడానికి జాషువా కుర్చీ ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు, తల పక్కకు తిప్పి చూశాడు. ఆటలో అమ్మాయిని రెండుసార్లు లోయలోకి నడిపించాడు. ఏప్రిల్ రెండోవారంలో ఒక మధ్యాహ్నం మౌసు తీసి అక్క చేతిలో పెట్టాడు.

"నాతోని కాదు. నువ్వాడు. నేను వింట."

"రేపు చూద్దాంలే."

"రేపు కూడా గిట్లనే ఉంటది, అక్కా."

అతను ఏడవలేదు. మహిమ మౌసును స్టూలు పక్కన బల్ల మీద పెట్టుకుని, అతను చెప్పినట్టు వేలితో నొక్కింది.

ఆమెకు ఆట రాదు. అమ్మాయి చెట్లకు గుద్దుకునేది, గుండ్రంగా తిరిగేది. జాషువా కుర్చీలో కళ్ళు మూసుకుని, స్పీకర్లలో అడుగుల చప్పుడు బట్టి చెప్పేవాడు. ఇప్పుడు రాళ్ళ మీద ఉన్నవ్, ఇప్పుడు తడి నేల, ఇప్పుడు చెక్క వంతెన. అలా నాలుగో అధ్యాయం దాటారు. ఆమె కనపడింది కనపడినట్టు చెప్పేది, అతను దాన్ని మనసులో కట్టుకునేవాడు. కొన్నాళ్ళు ఇది కూడా ఒక బతుకే అన్నట్టు గడిచింది.

ఐదో అధ్యాయం చీకట్లో మొదలవుతుంది. తండ్రి కాగితంలో ఉంది: వాగు దగ్గర నిలబడితే మేం చెట్లకు కట్టిన లాంతర్లు కనపడతాయి, ఒకదాని నుంచి ఒకటి చూసుకుంటూ మేం ఉప్పు దాచే గుడిసెకు చేరాలి. మహిమ వాగు దగ్గర నిలబడింది. లాంతరు కనపడలేదు. వాగు వెంట పైకి పోయింది, కిందికి వచ్చింది. నీళ్ళు మసక మసకగా మెరిసేవి, మిగిలినదంతా నలుపు. మొదటి రోజు గంటన్నర తిరిగింది. రెండోరోజు కూడా అంతే. పది రోజులు గడిచాయి.

"నీళ్ళ చప్పుడు ఆ ఎడమ పక్కనే ఉంది, పది రోజుల నుంచి," అన్నాడు జాషువా. "నువ్వు వాగు వదిలి ఒక్క అడుగు పోలేదు."

"దీపం లేదురా ఇందుల. సీడీలనే ఏదో లోపముంది."

"సీడీల లోపముంటే ఆగిపోతది. దీపం మాయం చేయదు. నువ్వు సరిగ చూస్తలేవు."

"చూస్తనే ఉన్న."

"పొద్దంతా పండుకున్నోనికి ఇదొక్కటే ఉంది. నువ్వు నాకోసం ఊకె మౌసు తిప్పుతున్నవ్. మనసు పెడ్తలేవు."

ఆ రోజు మహిమ ముప్పై మందికి సూదులు వేసి వచ్చింది. బయట ఎండ నలభై ఐదు దాటి ఉంది, ఫ్యాను సగం వేగంతో తిరుగుతోంది.

"కళ్ళు ఉన్నది నాకురా, నీకు కాదు. లేనిది లేదంటే విను," అంది.

అతను తలకాయ దించుకున్నాడు. తర్వాత లేచి గోడ తడుముకుంటూ రెండో గదిలోకి పోయి పడుకున్నాడు. మహిమ వెనకాలే పోయి మంచం పక్కన నిలబడింది. తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూలబడింది. ఎలాగైనా ఆ దీపం వెతికి పెట్టాలని మళ్ళీ మొదలుపెట్టింది.

నాగరాజు మందుల గది తాళం చెవి ఇవ్వడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కొంచెంసేపు చూశాడు.

"దీపం కాడికి పోరా మేడం?"

"ఏ దీపం?"

"గదే కదా. ఎడమకు, చెట్టు నడుమ. అగో కుడి పక్క పైన ఇంకోటి."

అతను దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టాడు. మహిమ వేలి కొసకు చూసింది. బియ్యపు గింజంత పసుపు వెలుగు, సన్నగా ఊగుతోంది. ఆమె చూపు తిప్పి మళ్ళీ వాగు వైపు చూసింది. వెలుగు లేదు. వేలి వైపు చూసింది, ఉంది.

"నువ్వు గుమ్మం కాడ నుంచే చూసినవా దీన్ని?"

"కనపడుతనే ఉంది కదా మేడం," అన్నాడు నాగరాజు, ఇదేం ప్రశ్న అన్నట్టు. తాళం చెవి బల్ల మీద పెట్టి పోయాడు.

 మహిమ లేచి మెల్లగా పోయి, గోడకు ఆనించి ఉన్న జాషువా కుర్చీలో కూర్చుంది. ఎనిమిది అడుగుల దూరం నుంచి తెర చిన్నగా కనపడింది. వెతకక్కర్లేకుండా ఎడమన ఒక దీపం, కుడిపక్క పైన ఒక దీపం కనపడ్డాయి. స్టూలు మీదికి వచ్చింది. రెండూ పోయాయి. మళ్ళీ కుర్చీలోకి పోయింది. రెండూ ఉన్నాయి.

 కుడిచేయి చాచి బొటనవేలు ఎత్తి, ముందుకు చూస్తూ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. దవాఖానాలో డాక్టరమ్మ జాషువాకు ఇలాగే చేసింది. చేయి సగం దూరం కూడా పోకముందే వేలు కనపడకుండా పోయింది. ఎడమ చేతితోనూ అంతే. పక్క నుంచి చీటీ చాపిన రోగులు ‘మేడం, ఇగో మేడం’ అని రెండుమూడుసార్లు పిలవడం, మాపటికి వరండాలో పడుకున్న కుక్క మీద కాలేయడం, ట్రేలో ఉన్న కత్తెర కోసం ట్రే అంతా తడమడం గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ అలసటనుకుంది. కరెంటు లేదనుకుంది. చీకట్లో టార్చిలైటు లేకుండా ఆమె ఎప్పుడూ అడుగు బయట పెట్టలేదు. అడవి ఊళ్ళల్లో అందరూ అంతే కదా అనుకుంది.

జూన్ మొదటివారంలో రెండు రోజుల ట్రైనింగు ఉందని జాషువాకు చెప్పి, అన్నం పెట్టమని నాగరాజుకు అప్పజెప్పి హైదరాబాదు పోయింది. అదే దవాఖానా, కానీ డాక్టరు వేరు, చిన్న వయసు ఆయన. చీకటి గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. యంత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఆమె బొత్తాం మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అడిగాడు డాక్టరు, కాగితం చూస్తూ.

"తమ్మునికి. మొత్తం పోయింది."

"ఆయన్ని చూసుకునేది ఎవరు?"

"నేనే."

 డాక్టరు కాసేపు రాసుకున్నాడు. "మీది నెమ్మదిగా సాగే రకం. పదేళ్ళు పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ముందే చెప్పలేం. రాత్రి డ్యూటీలు మానుకోండి. సూదులూ కాన్పులూ ఎన్నాళ్ళు చేయగలరో మీ ఆఫీసులో మాట్లాడుకోండి," అన్నాడు.

"ఏడెనిమిదేండ్ల కింద వచ్చి ఉంటే?"

"అప్పుడూ ఇదే చెప్పేవాళ్ళం."

అందులో ఊరట ఏమీ దొరకలేదు ఆమెకు. బస్సులో ఖమ్మం దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చాక మూడు రోజులు కంప్యూటరు జోలికి పోలేదు. నాలుగో రోజు జాషువానే అన్నాడు, "నేను ఆ రోజు ఎక్కువ మాట్లాడిన. పెట్టక్కా, దీపం ఉన్నా లేకపోయినా."

మహిమ మౌసు వైరు పొడుగ్గా లాగింది. రెండో కుర్చీ తెచ్చి, గోడ దగ్గర తమ్ముడి కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. దీపాలు ఒక్కొక్కటే దొరికాయి. మొదటిది, రెండోది, మూడోది. "అగో, వాగు వదిలిపెట్టినం," అంది. జాషువా సంతోషపడలేదు. తల ఆమె వైపు తిప్పాడు.

"అక్కా, నువ్వు ఏడ కూసున్నవ్?"

"ఈన్నే."

"ఎప్పుడూ నీ గొంతు ముంగట నుంచి వచ్చేది. ఇప్పుడు నా పక్క నుంచి వస్తంది."

"స్టూలు కాలు ఊగుతున్నదిరా."

అతను చేయి చాచాడు. ఆమె మోకాలు తగిలింది, తర్వాత చెక్క, దాని మీద మౌసు, ఆమె చేయి. ఆ చేతి మీద అతని వేళ్ళు ఆగాయి.

"ఇంత దూరం నుంచి కాయితం చదవనీకి వస్తదా నీకు?"

"రాదు. చదవడానికి లేచి ముందుకు పోత."

"చూడనీకి ఎనకకు వచ్చినవా?"

 స్పీకర్లలో అడవి గాలి వీస్తోంది.

"నువ్వు ట్రైనింగుకు పోలేదు," అన్నాడు.

"పోలేదు."

"ఎంత పోయింది?"

"రెండు పక్కల. మధ్యల బాగుంది."

"నాకూ గట్లనే ఉండె," అన్నాడు జాషువా.

అతను లేచి తన గదిలోకి పోయాడు. ఆ రోజూ మర్నాడూ అన్నం ముట్టలేదు. మహిమ కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకుని ఒకే మాట అన్నాడు. "రెండు జతల కళ్ళల్ల ఒక్క జతన్నా వదిలిపెట్టాలె కదా ఆ దేవుడు. ఎవరిని అడగాలె?"  తల్లి నేర్పిన ప్రార్థనలన్నీ ఆమెకు నోటికొచ్చు, ఒక్కటీ నోట్లోకి రాలేదు. కంచం కింద పెట్టి, అతని వీపు మీద చేయి వేసి కూర్చుంది. చాలాసేపటికి అతని వీపు కదలడం తెలిసింది. అతను ఏడుస్తున్నాడు, చప్పుడు బయటికి రాకుండా.

ఆట పూర్తి చేశారు. ఎందుకు చేశారో ఇద్దరికీ తెలియదు. ఆగస్టు దాకా పట్టింది. ఏడో అధ్యాయంలో ఆ అమ్మాయికి కొండ అవతల ఒక రాతి గది దొరుకుతుంది. తండ్రి ఆ గదిలోనే ఏళ్ళ తరబడి బతికాడు. మంచం, గిన్నె, అరిగిపోయిన చెప్పులు ఉన్నాయి, మనిషి లేడు. కిటికీలోంచి కింద ఊరు కనపడుతుంది, పొయ్యిల పొగ కూడా కనపడుతుంది. ఆఖరి కాగితంలో చెట్ల పేర్లూ వాటి లెక్కా తప్ప ఇంకేమీ లేదు. అమ్మాయి గడప మీద కూర్చుంటుంది. తెర నల్లబడి, ఆట చేసినవాళ్ళ పేర్లు వరసగా వస్తాయి.

మహిమ ఇదంతా చెప్పి ఊరుకుంది. గుమ్మంలో నాగరాజు కూడా ఉన్నాడు.

"ఊరు కనపడుతుంటే ఎందుకు రాలేదట?" అడిగాడు జాషువా.

"రాయలేదు."

"మిగిలిన ముగ్గురేమైండ్రో?"

"అదీ లేదు."

"ఇంటికొచ్చి ఏం చెప్పాల్నో తెలవక రాలేదేమో సారూ," అన్నాడు నాగరాజు. "మా ఊర్ల ఒకాయన గట్లనే చేసిండు. కొడుకును పాము కరిస్తే, పెండ్లానికి చెప్పలేక గుట్టమీదనే ఉన్నడు రెండు నెలలు."

 ఆ తర్వాత జాషువా కంప్యూటరు పెట్టమని అడగలేదు. మహిమ దాని మీద ఒక పాత చీర కప్పింది.

డిసెంబరులో ఒక సాయంత్రం జంపక్క అనే ఆమెను ఎడ్లబండిలో కాన్పుకు తెచ్చారు. బిడ్డ బయటపడుతుండగా కరెంటు పోయింది. నాగరాజు టార్చి పట్టుకున్నాడు. బొడ్డుకు పెట్టే క్లిప్పు పక్కనే ట్రేలో ఉంది. మహిమ చేయి ట్రే అంచున, గుడ్డల మీద, మళ్ళీ అంచున తిరిగింది.  నాగరాజు క్లిప్పు తీసి ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు. బిడ్డ ఏడ్చింది, తల్లి బాగుంది. అంతా అయ్యాక మహిమ చేతులు కడుక్కుంటుంటే నాగరాజు మెల్లగా అన్నాడు, "నేను ఎవరికీ చెప్ప మేడం. గాని నేను లేని రోజు ఏం చేస్తరు?"

ఆ మాట మహిమతో పాటు ఇంటికి వచ్చింది. అన్నం తింటూ జాషువాకు చెప్పింది. కాన్పులకు, సూదులకు పెట్టొద్దని, మందుల స్టోరులోనో రిజిస్టర్ల పనిలోనో వేయమని పెద్ద డాక్టరుకు అర్జీ పెట్టుకుంటానంది.

"వేస్తరా?"

"వెయ్యొచ్చు. నాలుగైదేండ్లన్నా నడుస్తది. తర్వాతి సంగతి తెలవదు."

జాషువా అన్నం కలుపుతున్న చేయి ఆపాడు. తర్వాత, ఆగస్టు నుంచి అతని గొంతులో వినపడని ఒక గట్టితనంతో అన్నాడు, "చేత్తోని రాయకు. ఆఫీసు కాయితం టైపు చేస్తేనే విలువ. నేను కొడ్త. నాకు కీబోర్డు చూడక్కర్లేదు. నువ్వు చెప్పు."

మర్నాడు డ్యూటీకి పోయే ముందు ఆమె చీర తీసి కంప్యూటరు పెట్టింది. జాషువాను దాని ముందు కూర్చోబెట్టింది. అతను వెన్ను నిటారుగా పెట్టి, మండలాఫీసులో కూర్చున్నట్టే కూర్చుని, వేళ్ళు కీబోర్డు మీద ఆనించాడు. ఆమె ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెప్పింది. అతని వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆమె ఆగితే ఆఫీసు భాష అతనే అందించాడు. ‘గౌరవంతో మనవి చేసుకునేదేమనగా’ అన్న మాట ఇంగ్లీషులో ఎట్లా రాయాలో, సంతకానికి ఎంత జాగా వదలాలో చెప్పాడు. ఆమె అతని మొఖమే చూస్తూ చెప్పింది, తెర వైపు చూడలేదు.

"అయిపోయింది. ఒకసారి చదువుకో," అన్నాడు.

మహిమ తెర వైపు తిరిగింది. మొదటి అక్షరం నుంచే అతని వేళ్ళు ఒక కీ పక్కకు జరిగి ఉన్నాయి. పేజీ నిండా అక్షరాలున్నాయి, మాటల మధ్య ఖాళీలు, పేరాలు, చివర సంతకం జాగా, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క మాట కూడా మాట కాదు.

"ఎట్లుంది?"

"బాగుందిరా," అంది.

"తప్పులేమన్నా పోయినయా?"

"ఒక్కటి గూడ లేదు."

జాషువా తల ఊపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రింటు ఎక్కడ తీయిస్తావని అడిగాడు. చండ్రుగొండలో నెట్ సెంటరు ఉందని, సాయంత్రం తీయిస్తానని చెప్పింది మహిమ. అతనికి టీ పెట్టి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఆరోగ్య కేంద్రానికి పోయింది. ఇంకా రోగులెవరూ రాలేదు. డ్యూటీ బల్ల సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి, కిటికీ వెలుతురు పడే వైపుకు జరిగి, అర్జీ చేత్తో రాయడం మొదలుపెట్టింది.